గ్లామర్ విసిరేవాళ్ళు

కొన్నేళ్ళ పాటు ఒక పత్రికలో సినిమా పేజీ చూశాను. గ్లామర్ అన్న మాట రాయకుండా ఆ పేజీ పూర్తయిన రోజు నాకు గుర్తు లేదు. గ్లామర్ డోస్ పెంచిన హీరోయిన్, గ్లామర్ పాత్రలకు సై అన్న హీరోయిన్, డీగ్లామర్ పాత్రతో అవార్డు కొట్టిన హీరోయిన్. హీరోలకు ఈ మాట పెద్దగా వాడేవాళ్ళం కాదు. వాళ్ళకు క్రేజ్ ఉంటుంది, మాస్ ఇమేజ్ ఉంటుంది. గ్లామర్ మాత్రం ఆడవాళ్ళ ఒంటికి పుట్టుకతో అంటుకుని వచ్చినట్టు, కావాలంటే పెంచుకుని వద్దంటే తగ్గించుకునే సరుకన్నట్టు రాసేవాళ్ళం. ఆఫీసుకి వచ్చే ఫోటోలన్నీ ఎవరో గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని నునుపు చేసినవే. ఆ కూర్చున్నవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా పడేది కాదు.

ఈ మాటకు స్కాట్లండ్ పల్లెల్లో ఉన్న పాత అర్థం తెలిశాక నాకో అభిప్రాయం ఏర్పడింది. మనం వాడుతున్న గ్లామర్ సగం అర్థం పోగొట్టుకున్న మాట. పోయింది మామూలు సగం కూడా కాదు, అసలు పనికొచ్చే సగం.

ఇంగ్లీషు చెప్పే మేష్టర్లకు ఈ మాట మీద ఒక ముచ్చట ఉంది. గ్లామర్, గ్రామర్ రెండూ ఒకటే మాట, గ్రామర్ బాగా నేర్చుకుంటే గ్లామర్ దానంతటదే వస్తుంది అని క్లాసులో చెప్పి నవ్విస్తారు. మాటల పుట్టుక వరకు వాళ్ళు చెప్పేది నిజమే. మధ్యయుగాల యూరప్‌లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. లాటిన్ వచ్చినవాడు ఆ పుస్తకాల్లో ఏం చదువుతున్నాడో ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కాని చదువంతా మంత్రాల కిందే లెక్క. ఫ్రెంచిలో మంత్రాల పుస్తకాన్ని గ్రిమ్వార్ అంటారు, అదీ ఇదే కుదురు నుంచి వచ్చింది. స్కాట్లండ్ వాళ్ళ నోట్లో గ్రామర్‌లోని ‘ర’ కాస్తా ‘ల’ అయి గ్లామర్‌గా, గ్లామరీగా స్థిరపడింది. అయితే మేష్టర్లు అక్కడితో ఆగిపోతారు. ఆ మంత్రం ఏం చేస్తుంది, ఎవరి మీద పనిచేస్తుంది అనే దగ్గరికి రారు.

చదువు మంత్రంగా మారడానికి స్కాట్లండ్‌లో ఒక నిలువెత్తు సాక్ష్యం ఉంది. మైకేల్ స్కాట్ అని పదమూడో శతాబ్దపు పండితుడు. స్పెయిన్‌లోని టొలీడోలో కూర్చుని అరబ్బీ నుంచి ఖగోళ శాస్త్ర గ్రంథాన్నీ అరిస్టాటిల్ రచనలనూ లాటిన్‌లోకి తెచ్చాడు. తర్వాత ఫ్రెడరిక్ II చక్రవర్తి కొలువులో చేరాడు. ఈ కాలంలో పుట్టి ఉంటే ఏదో ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా రిటైరయ్యేవాడు. అప్పట్లో పుట్టాడు కాబట్టి మాంత్రికుడైపోయాడు. ఇటలీ మహాకవి డాంటే అయితే ఆయన్ని నరకంలో మాయగాళ్ళ వరసలో నిలబెట్టాడు. సొంత దేశంలో ఆయన మీద పుట్టిన కథలకు లెక్కే లేదు. కొండను మూడు ముక్కలుగా చీల్చాడన్నారు, మంత్రాల పుస్తకంతో సహా మెల్రోజ్ మఠంలో పాతిపెట్టారన్నారు. ఆ పుస్తకం దగ్గరికి మళ్ళీ వస్తాను.

స్కాట్లండ్ జనం మాట్లాడే స్కాట్స్ భాషలో గ్లామర్ అంటే చూసేవాడి కంటి మీద వేసే మంత్రం. వస్తువు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, కంటికి మాత్రం ఇంకోలా కనిపిస్తుంది. తెలుగులో కనికట్టు అంటాం చూడండి, అచ్చం అదే. కట్టేది కంటిని. ఆ భాషలో ఈ మాటకు తోడుగా వచ్చే క్రియ కూడా గమనించదగ్గది. గ్లామర్‌ను ‘విసురుతారు’, వల విసిరినట్టు. ఫలానా మనిషికి గ్లామర్ ఉంది అనడం అప్పటివాళ్ళ వాడుక కాదు. ఎవరు విసిరారు, ఎవరి కళ్ళ మీద విసిరారు అన్న రెండూ చెప్పందే వాక్యం పూర్తయ్యేది కాదు.

ఇది బాగా కనిపించేది ‘జిప్సీ లాడీ’ అనే పాత జానపద గేయంలో. లాడీ అంటే స్కాట్స్‌లో కుర్రాడు. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ చేసిన గొప్ప సంకలనంలో 200వ సంఖ్య దీనిదే. ఊరూరా తిరిగే జిప్సీలు ఒక ప్రభువు కోట గుమ్మం ముందుకొచ్చి పాట అందుకుంటారు. ఆ పాట తియ్యదనానికి ఇంటి ఇల్లాలు మేడ దిగి కిందకి వస్తుంది. ఆమె చక్కటి ముఖం చూడగానే వాళ్ళు ఆమె మీద గ్లామర్ విసురుతారు. అంతే, మొగుణ్ణీ మేడనూ వదిలేసి జానీ ఫా అనే జిప్సీ నాయకుడి వెంట వెళ్ళిపోతుంది. నిన్నటి దాకా పట్టు పరుపుల మీద పడుకున్నదాన్ని, ఈ రాత్రి బూడిద మూలన పడుకుంటాను అంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అందగత్తె ఆమె, గ్లామర్ విసిరింది వాళ్ళు. మన సినిమా పేజీ లెక్క ప్రకారం ఇది తలకిందుల వ్యవహారం. గేయం చివర ఉరికంబం ఎక్కబోతున్న జిప్సీలు తమ గురించి తామే ఒక మాట చెప్పుకుంటారు. మేం పదిహేను మందిమి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళమే, అందగాళ్ళం మాత్రం కాదు, అయినా ఒక్క ఆడదాని కోసం అందరం పోతున్నాం అని. ఈ ‘అందగాళ్ళం కాదు’ అన్న ముక్క దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. గ్లామర్‌కూ అందానికీ చుట్టరికమే లేదని పాట పాడినవాళ్ళకు ఎంత తేటగా తెలుసో!

ఈ గేయాన్ని అచ్చులోకి తెచ్చినవాళ్ళలో ముందువాడు ఆలన్ రామ్సే. ఎడిన్‌బరోలో విగ్గులు చేసి అమ్ముకుంటూ కవిత్వం మొదలుపెట్టి, తర్వాత పుస్తకాల దుకాణం తెరిచినవాడు. ఆయన గురించి చివర్లో చెప్తాను.

స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ దగ్గర ఈ మాట ఒక్క చరణంలో మెరుస్తుంది. కెప్టెన్ గ్రోజ్ అని ఒక భారీకాయుడు పాత కోటల బొమ్మలు గీసుకుంటూ, వివరాలు రాసుకుంటూ స్కాట్లండ్ అంతా తిరిగేవాడు. ఆయన మీద 1789లో బర్న్స్ ఒక సరదా పద్యం రాశాడు. వీడొకడు మీ మధ్య నోట్స్ రాసుకుంటూ తిరుగుతున్నాడు, రాసుకున్నదంతా అచ్చేస్తాడు, జాగ్రత్త అని ఊళ్ళ వాళ్ళను హెచ్చరిస్తాడు. అందులోనే పాడుబడ్డ కోటల్లోని దెయ్యాలనూ, గ్లామర్ వ్యాపారం చేసే జిప్సీ ముఠానూ, నరకపు నల్ల గ్రామర్ చదివిన మాంత్రికులనూ పిలిచి ఈ కెప్టెన్‌ను చూసి వణకమంటాడు. గ్లామర్‌కు గ్రామర్‌తోనే ప్రాస వేశాడు. నిఘంటువులు తీరిగ్గా చెప్పిన సంగతిని బర్న్స్ చెవి ముందే పట్టేసింది.

ఇక కవి, నవలాకారుడు వాల్టర్ స్కాట్. ఈ మాటను స్కాట్లండ్ ఎల్లలు దాటించి ఇంగ్లీషు చదివే ప్రపంచానికంతా అలవాటు చేసింది ఆయనే. 1805లో వచ్చిన ‘ద లే ఆఫ్ ద లాస్ట్ మిన్‌స్ట్రెల్’ అనే కథాకావ్యంలో మైకేల్ స్కాట్ సమాధి తవ్వి ఆ మంత్రాల పుస్తకాన్ని బయటికి తీస్తారు. అది ఒక మరుగుజ్జు కుర్రాడి చేతికి చిక్కుతుంది. వాడు పుస్తకం తెరిచి ఒకే ఒక్క చిన్న మంత్రం చదవగలుగుతాడు. రెండోది చదివేలోపు, కంటికి కనపడని చెయ్యేదో వాడి చెంప పగలగొడుతుంది. చదివిన ఆ ఒక్కటీ గ్లామర్ మంత్రం. అది ఏమేం చేయగలదో స్కాట్ వరసగా చెప్పుకుపోతాడు. ఆడమనిషి యోధుడిలా కనిపిస్తుంది. చెరసాల గోడ మీది సాలెగూడు జమీందారు హాల్లోని చిత్రాల తెరలా కనిపిస్తుంది. గింజ పైపెంకు బంగారు పూత పూసిన పడవ అవుతుంది. గొర్రెల కాపరి గుడిసె పెద్ద భవంతి అవుతుంది. పడుచుదనం ముసలితనంలా, ముసలితనం పడుచుదనంలా కనిపిస్తాయి. ‘అంతా భ్రమే, నిజం ఏమీ లేదు’ అని ముగిస్తాడు.

కుర్రాడు ఈ విద్యతో చేసే మొదటి పని నాకు మహా ఇష్టం. గాయపడి ఒంటి మీద తెలివి లేని యోధుణ్ణి గుర్రం మీద వేసుకుని, కాపలావాళ్ళ కళ్ళ ముందే కోటలోకి తీసుకెళ్ళిపోతాడు. ఎవరూ ఆపరు. మాకు గడ్డి బండి తప్ప ఇంకేం కనబడలేదని ఆ తర్వాత అందరూ ఒట్టేసి చెప్తారు. గ్లామర్ అంటే మెరిసిపోవాలని రూలేం లేదన్నమాట. పట్టించుకోదగ్గదాన్ని ఎవరూ పట్టించుకోనంత మామూలుగా చూపించడం కూడా గ్లామరే. గడ్డి బండి లాంటి గ్లామర్‌కు ఇప్పటి వాడుకలో చోటెక్కడ?

స్కాట్ వరసలో గొర్రెల కాపరి గుడిసె అన్నాను. మూలంలో అది షీలింగ్. వేసవిలో పశువులను కొండ మీదికి తోలుకుపోయినప్పుడు జనం తలదాచుకునే మట్టిగడ్డల గుడిసె. కావ్యం నడిచేది దక్షిణాన సరిహద్దు సీమలో కాబట్టి స్కాట్ ఆ పంక్తి రాసినప్పుడు ఉత్తరాది కొండ ప్రాంతం ఆయన మనసులో ఉందని నేను అనను. కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే ఈ పంక్తి దాని మీద రాసిన వ్యాఖ్యలా వినిపిస్తుంది. ఉత్తరాన సదర్లండ్‌లో గొర్రెల పెంపకం కోసం భూస్వాములు కౌలుదార్లను ఖాళీ చేయించారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోనూ 1819లోనూ ఇళ్ళు తగలబెట్టి మరీ వెళ్ళగొట్టారు. గుడిసెలు మొండిగోడలు అయిపోయాయి. సరిగ్గా ఆ కాలంలోనే, 1822 ఆగస్టులో, నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఆ వేడుకలన్నిటికీ సూత్రధారి స్కాటే. ఊరంతా కొండవాళ్ళ టార్టన్ గళ్ళబట్టలతో నింపేశాడు. అప్పటి దాకా ఎడిన్‌బరో పెద్దమనుషులకు ఆ దుస్తులంటే పశువులు తోలుకొచ్చే మొరటువాళ్ళ వేషం. ఒక్క నెలలో అవి స్కాట్లండ్ జాతీయ దుస్తులైపోయాయి. భారీ పొట్టతో ఉన్న రాజుగారు కిల్ట్ అనే గళ్ళ లంగాను మోకాళ్ళ పైదాకా కట్టుకుని, కాళ్ళు కనబడకుండా చర్మం రంగు మేజోళ్ళు తొడుక్కున్నారు. ఆ దుస్తులకూ ఆయుధాలకూ కలిపి అయిన బిల్లు 1,354 పౌండ్లు. తర్వాత డేవిడ్ విల్కీ గీసిన చిత్రంలో ఆ మేజోళ్ళు మాయమయ్యాయి, పొట్ట కూడా బాగా లోపలికి పోయింది.

గ్లామర్ అంటే ఏమిటో అచ్చులో అందరికంటే వివరంగా చెప్పినవాడే దాన్ని ఒక దేశం మొత్తం మీద విసిరాడు. స్కాట్ మోసగాడని అనడం లేదు. ఆయన చూపించిన స్కాట్లండ్‌ను ముందుగా నమ్మింది ఆయనే. ట్వీడ్ నది ఒడ్డున పొలం కొని, దానికి ఆబట్స్‌ఫర్డ్ అని పేరు పెట్టి, బురుజులతో కోట లాంటి ఇల్లు కట్టించి, అప్పుల్లో కూరుకుపోయి, 1826లో దివాళా తీసి, చనిపోయేదాకా రాసి రాసి ఆ అప్పు తీర్చుకుంటూ పోయాడు. గింజ పెంకును బంగారు పడవ అనుకుని ముందు ఎక్కి కూర్చున్నది కూడా ఆయనే. మసిపూసి మారేడుకాయ చేసేవాడికి తన చేతిలోది నిజంగా మారేడుకాయేనని నమ్మకం ఉంటే, ఆ పని ఇంకా బాగా సాగుతుంది.

నా వాదానికి ఎదురొచ్చే సంగతులు లేకపోలేదు. మొదటిది ఆ గేయంలోనే ఉంది. ప్రభువు భార్య తన ఇష్టంతో వెళ్ళిపోయిందని ఒప్పుకోవడం ప్రభువు వర్గానికి నామోషీ. మంత్రం వేశారంటే పరువు దక్కుతుంది. ఆ నింద ఎవరి మీద పడిందో చూడండి. స్కాట్లండ్ పార్లమెంటు 1609లో చేసిన చట్టం ప్రకారం జిప్సీలు దేశం విడిచి పోవాలి. పోకపోతే, జిప్సీ అని రుజువైతే చాలు, మరణశిక్షే. 1624లో జాన్ ఫా అనే నాయకుణ్ణి మరి కొందరితో కలిపి ఉరి తీశారు. గేయంలోని ఇల్లాలు కసిలిస్ ప్రభువు భార్యేనని స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో చెప్పుకుంటారు. అయితే 1642లో ఆమె చనిపోయినప్పుడు భర్త రాసిన ఉత్తరాల్లో ప్రేమ తప్ప వేరే మాట లేదు. కాబట్టి పాత అర్థం పవిత్రమైనదేమీ కాదు. ‘విసిరినవాడు ఎవడు’ అని అడిగే మాట, ఎవరో ఒక బయటివాణ్ణి పట్టుకొచ్చి ఉరికి వేలాడదీయడానికీ పనికొచ్చింది. ఇది నేను తోసిపుచ్చలేను. కాకపోతే ప్రశ్న ఉన్నచోట తప్పుడు జవాబును పట్టుకుని నిలదీయొచ్చు. ప్రశ్నే మాయమైనచోట నిలదీయడానికి ఏమీ మిగలదు.

రెండోది పుట్టుక గురించిన పేచీ. 1808లో స్కాట్స్ నిఘంటువు తెచ్చిన జాన్ జేమీసన్ లాంటివాళ్ళు ఈ మాటకు మూలం ఉత్తరాది నార్స్ భాషల్లో ఉందన్నారు. ఐస్‌లాండ్ వాళ్ళ గ్రెట్టిర్ కథలో గ్లామ్ అనే పిశాచం ఉంటాడు. గ్రెట్టిర్ వాణ్ణి చంపుతాడు గానీ, చచ్చేముందు వాడి కళ్ళు వెన్నెల్లో గిర్రున తిరగడం చూసి జీవితాంతం చీకటంటే జడిసేవాడుగా మిగిలిపోతాడు. ఉన్నది ఒకటైతే మరొకటి చూసేవాళ్ళకు గ్లామ్ తన కళ్ళు అరువిచ్చాడని అక్కడి సామెత. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది గ్రామర్ వైపే ఉన్నారు, నేనూ అటే. అయినా ఈ సామెత గొప్పది. ఏ దారిన వచ్చినా సంగతి వస్తువు దగ్గర ఆగలేదు, కంటి దగ్గరికే చేరింది.

మూడోది మా ఆఫీసులోనే వినేవాణ్ణి. మాటలన్నాక మారతాయి, దానికింత టెన్షన్ ఎందుకు అని. మారతాయి, నిజమే. ఈ మాట మారిన దారి కూడా సాహిత్యంలో చక్కగా కనిపిస్తుంది. 1859లో ఇంగ్లీషు కవి టెన్నిసన్ ‘గ్లామర్‌తో పూలలోంచి చేసిన కన్య’ అని రాసేటప్పుడు చేసిన మాంత్రికుడు ఇంకా వాక్యంలోనే ఉన్నాడు. నవలాకారుడు కాన్రాడ్ ‘యూత్’ కథలో నడివయసు నావికుడు ‘ఆహా, పడుచుదనపు గ్లామర్!’ అని నిట్టూర్చేనాటికి మాంత్రికుడు పోయి వయసు మిగిలింది. కానీ అందులో భ్రమ అన్న ఎరుక ఉంది. డి.హెచ్. లారెన్స్ ‘పియానో’ అనే చిన్న కవితలో, పాట వింటున్న మగవాణ్ణి చిన్ననాటి గ్లామర్ కమ్ముకుంటుంది, అమ్మ పాదాల దగ్గర కూర్చున్న పిల్లాడైపోయి ఏడుస్తాడు. పాడుతున్న ఆమె మీద అతనికి మోజేం లేదు. కమ్ముకున్నది తన మీదనే అని అతనికి తెలుసు. ఈ ముగ్గురి దాకా నాకు పేచీ లేదు.

తేడా వచ్చింది హాలీవుడ్ స్టూడియోల దగ్గర. 1930ల మొదట్లో జార్జి హరెల్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన నటి జోన్ క్రాఫర్డ్ ఫోటో ఒకటి రెండు రూపాల్లో దొరుకుతుంది. మొదటిదాంట్లో ఆమె ముఖమంతా గోధుమరంగు చుక్కలు, కళ్ళ కింద సన్నటి గీతలు. రెండోదాంట్లో ముఖం పాలరాయి. మధ్యలో జరిగింది ఏమిటంటే, ఒక రీటచింగ్ మనిషి నెగెటివ్ ముందు కూర్చుని సన్నటి పెన్సిల్‌తో ఒక్కొక్క చుక్కనూ చెరిపేశాడు. స్కాట్స్ పల్లెటూరివాడికి ఆ రెండు ఫోటోలూ చూపిస్తే గ్లామర్ ఎక్కడుందో ఠక్కున చెప్పేవాడు, పెన్సిల్ పట్టుకున్న చేతిలో ఉందని. ప్రపంచమేమో క్రాఫర్డ్‌కు గ్లామర్ ఉందంది. విసిరినవాడు వాక్యంలోంచి జారిపోయాడు, చూసినవాడి కన్నూ జారిపోయింది, మిగిలిందల్లా ఆ ఆడమనిషి. అందుకే వయసు మీద పడినప్పుడు ‘గ్లామర్ తగ్గింది’ అన్న నింద మోయాల్సిందీ ఆమే.

రామ్సే గురించి చెప్తానన్నాను. ఈ మాట సాహిత్యంలోకి వచ్చిన తొలి చోట్లలో ఆయన 1720లో రాసిన పద్యం ఒకటి. అది దెయ్యాల మీదా కాదు, ఆడవాళ్ళ అందం మీదా కాదు, షేర్ మార్కెట్ మీద. ఆ ఏడాది లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేరు జనవరిలో 128 పౌండ్ల దగ్గర మొదలై, వేసవికల్లా వెయ్యి చేరి, ఏడాది తిరక్కుండానే మొదలైన చోటి దరిదాపులకు కూలిపోయింది. లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా కొంపలు మునిగాయి. సైతాను మంత్రగత్తెను బుట్టలో వేసుకునే తీరుతో రామ్సే దీన్ని పోలుస్తాడు. ఆమెకు డబ్బు ఆశ ఉందని సైతాను పసిగడతాడు. ఆ ఆశనే ఎరగా చేసి కళ్ళ మీద దగా గ్లామర్ విసురుతాడు. ఆమె కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేస్తుంది. కళ్ళ ముందు రాశులు రాశులుగా ధనం. తీరా కూర్చుని నాణేలు లెక్కపెట్టబోతే అన్నీ పలకరాళ్ళ పెంకులు.

రామ్సే ఇక్కడ చూసే మనిషిని కూడా వదిలిపెట్టలేదు. సైతాను మంత్రం పారింది ఆమెకు అప్పటికే ఆశ ఉండబట్టే. మరుసటి ఏడు తన కవితల పుస్తకం వెనక, స్కాట్స్ రాని పాఠకుల కోసం అర్థాలు ఇస్తూ గ్లామర్ దగ్గర ఆయన రాసింది ఇంతే. దెయ్యాలూ మాంత్రికులూ గారడీవాళ్ళూ కంటిని మోసం చేస్తే, చూసేవాళ్ళ కళ్ళ మీద గ్లామర్ విసిరారంటారు అని. కంపెనీ పేరు పెట్టి అమ్మేవాళ్ళను ఆ వరసలో చేర్చలేదు గానీ, పద్యం చదివినవాళ్ళు వాళ్ళను తామే చేర్చుకుని ఉంటారు.